ప్రేగుకు పడిన గండి

నిండుగా పారుతున్న కాలువకు గండి పడితే ఊరివాళ్ళు మొదట చేసే పని తట్టలతో మన్ను తెచ్చి అందులో పోయడం. పోసినంతసేపూ మన్ను నీటితో పోతూనే ఉంటుంది. అనుభవం గల లస్కరు ఆ పని చేయనివ్వడు. పై లాకు దించి నీరు తగ్గించమంటాడు. దిగువ తూముకు ఏమైనా అడ్డం పడిందేమో చూచి రమ్మంటాడు. కోసుకుపోతున్న గట్టుకు ముందు తడికలు, ఇసుక బస్తాలు వేయిస్తాడు. గండి పూడ్చడం ఆ తరువాతి మాట. మనిషి ప్రేగుకు గండి పడి, అందులోని పదార్థం పొట్ట చర్మం మీదికి దారి చేసుకొన్నప్పుడు ఏమి చేయవలెనో తెలుసుకోవడానికి శస్త్రవైద్యులకు ఇంచుమించు నూట యాభై ఏళ్ళు పట్టింది. వారు చివరకు నేర్చుకొన్నది ఈ లస్కరు తెలివే.

ఇట్లాంటి అసహజమైన దారిని ఫిస్టులా అంటారు. లాటిను భాషలో ఆ మాటకు గొట్టమని అర్థం. ఆయుర్వేదంలో చెప్పే నాడీవ్రణం అన్న పేరులో ఉన్నదీ ఆ గొట్టమే. మనం దీనిని నాళవ్రణం అందాము. గుదం పక్కన తెరచుకొనే భగందరం కూడా ఈ జాతిలోనిదే గాని, దాని కథ వేరు. అది ఏళ్ళ తరబడి బాధిస్తుంది, కాని సాధారణంగా ప్రాణం తీయదు. ఇక్కడ చెప్పదలచినది పొట్ట మీద తెరచుకొనే నాళవ్రణాన్ని గురించి. క్షయ, కాన్సరు, క్రోన్ వ్యాధి, కత్తిపోట్లు, తుపాకి గాయాలు దీనికి కారణాలు కావచ్చును. అయితే నాలుగింట మూడు వంతులకు తక్కువ కాకుండా ఇవి పొట్టకు శస్త్రచికిత్స జరిగిన తరువాత ఏర్పడేవే. ప్రేగుకు వేసిన కుట్టు ఊడడమో, చికిత్స చేస్తున్నప్పుడు కత్తి మొన తగిలిన సంగతి కంటబడకపోవడమో జరుగుతుంది. అందుచేత ఈ రోగిని చూచినప్పుడల్లా శస్త్రవైద్యుడికి ఆ రంధ్రాన్ని తన చేతితోనే వెంటనే మూసివేయాలన్న ఆతురత కలగడం సహజం. ఈ ఆతురతే చాలాకాలం రోగికి శత్రువయింది.

రంధ్రం చిన్నదే కావచ్చు. దాని గుండా పోయేది మాత్రం చిన్న విషయం కాదు. ఆరోగ్యవంతుడైన మనిషి నోటిలో రోజుకు లీటరు, లీటరున్నర లాలాజలం ఊరుతుంది. జీర్ణకోశం రెండు లీటర్ల దాకా జఠరరసాన్ని స్రవిస్తుంది. దానికి పైత్యరసం అర లీటరు నుంచి లీటరు, క్లోమరసం లీటరు నుంచి లీటరున్నర, చిన్న ప్రేగు గోడలలో ఊరే రసం మరొక లీటరు లేక అంతకు పైన కలుస్తాయి. మనం తాగే నీరు, తినే తిండిలోని తేమ రెండు లీటర్లు. అంతా కలిపితే ఎనిమిది తొమ్మిది లీటర్లవుతుంది. ఇందులో మలంతో పోయేది నూరు, రెండు వందల మిల్లీలీటర్లే. తక్కినదంతా ప్రేగు గోడల గుండా మళ్ళీ రక్తంలోకి చేరుతుంది. మన రక్తంలోని ద్రవభాగం మొత్తం చూస్తే మూడు లీటర్లు. దీనినిబట్టి చిన్న ప్రేగు పైభాగంలో గండి పడితే రోగి ఎంత త్వరగా ఎండిపోతాడో విద్యార్థులు లెక్క వేసుకోవచ్చును. నీటితోపాటు సోడియం, పొటాసియం, బైకార్బొనేటు లవణాలు కూడా పోతాయి. తిన్నది ఒంటబట్టదు. పైగా, మాంసాన్ని కరిగించడానికే పుట్టిన క్లోమరసం పొట్ట మీద కారుతూ బ్రతికి ఉన్న చర్మాన్నే జీర్ణం చేయసాగుతుంది. ఆ రసం బయటికి రాక లోపలే నిలిస్తే చీము పడుతుంది.

ప్రేగు చిల్లిని మూయడం పూర్వులకు తెలియని విద్య కాదు. సుశ్రుత సంహితలో ఛిద్రోదరమన్న వ్యాధికి చెప్పిన చికిత్స వైద్యచరిత్రకారులందరికీ పరిచితమే. పొట్ట కోసి ప్రేగును బయటికి తీసి, చిల్లి అంచులను దగ్గరకు చేర్చి, నల్ల చీమలచేత కరిపించాలి. చీమ పట్టు పట్టిన తరువాత దాని మొండెం తుంచివేస్తే తల కుట్టులాగా మిగులుతుంది. అయితే తాజాగా పడిన చిల్లిని మూయడం వేరు, రోజుల తరబడి కారి, చుట్టూ వాచి, చర్మం దాకా దారి పడిన నాళవ్రణాన్ని మూయడం వేరు. వాచిన కండలో కుట్టు నిలవదు.

ఈ రెండవ దానిలో కొత్త ఆలోచన చేసినవాడు పారిస్ నగరంలో ఓతెల్ ద్యూ వైద్యశాల శస్త్రవైద్యుడు గిలోం ద్యుపుయిత్రాన్. ఆ రోజుల్లో హెర్నియా రోగులు ఎక్కువగా వచ్చేవారు. గజ్జలో పొడుచుకు వచ్చిన ప్రేగు బిగిసిపోయి, రక్తం అందక కుళ్ళి, చర్మం పగిలి, మలమంతా అక్కడినుంచే రావడం మొదలయ్యేది. చావు తప్పించుకొన్నవారు బ్రతికినన్నాళ్ళూ మనుషుల మధ్యకు రాలేక పోయేవారు. ఎందరో వైద్యులు ఆ రంధ్రం అంచులు గీకి కుట్టారు. కుట్టిన ప్రతిసారీ ఊడింది. ఎందుచేత ఊడుతున్నదని ద్యుపుయిత్రాన్ రంధ్రం లోపల వెదికాడు. పై ప్రేగు, దిగువ ప్రేగు ఆ రంధ్రం వద్ద తుపాకి జోడు గొట్టాల లాగా పక్కపక్కన అతుక్కొని ఉన్నవి. రెండింటి మధ్యా గోడ ఒకటి మొనలాగా ముందుకు పొడుచుకు వచ్చి, పైనుంచి వచ్చే పదార్థం దిగువకు పోకుండా బయటికి మళ్ళిస్తున్నది. అడ్డం అక్కడ ఉండగా పైన ఎన్ని కుట్లు వేసి ఏమి లాభం?

అతడు 1813 ప్రాంతంలో ఒక పట్టుకారు చేయించాడు. దాని ఒక రెక్కను పై ప్రేగులోకి, రెండవ రెక్కను దిగువ ప్రేగులోకి జొనిపి, నడిమి గోడను రెండింటి మధ్యా పట్టి, రోజుకు కొంచెం కొంచెంగా మర బిగించేవాడు. నలిగిన గోడ వారం రోజులకు చచ్చి ఊడిపోయేది. ఈ లోపల దాని చుట్టూ ప్రేగులు రెండూ గట్టిగా అతుక్కొని ఉండడంచేత మలం పొట్ట లోపలికి పోయే ప్రమాదం తగ్గేది. దిగువకు దారి తెరచుకోగానే మలం సహజమార్గాన పడేది. తరువాత చర్మం మీది రంధ్రం తనంతట తానే కుంచించుకుపోయేది. అది మత్తుమందు లేని కాలమనీ, సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలమనీ, పొట్ట కోయడమంటే దాదాపు చంపడమేననీ జ్ఞాపకం ఉంచుకొంటే ఈ పట్టుకారు విలువ తెలుస్తుంది. ఆ పరికరం ఇప్పుడు ప్రదర్శనశాలల వస్తువు. కాని రంధ్రాన్ని మూయవద్దు, అది మూసుకోకుండా చేస్తున్న దానిని తొలగించు అన్న సూత్రం పాతబడలేదు. దిగువన అడ్డం ఉన్న నాళవ్రణం దానంతట అది మూసుకోదని నేటి పాఠ్యగ్రంథాలు కూడా చెబుతున్నవి.

ద్యుపుయిత్రాన్ కాలంలోనే అమెరికాలో జరిగిన ఒక సంగతి మన పాఠ్యపుస్తకాలకు కూడా ఎక్కింది. 1822 జూన్ 6న మాకినా ద్వీపంలో బొచ్చు వ్యాపారుల అంగడిలో తుపాకి పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పడవ కూలీ జీర్ణకోశానికి రంధ్రం పడింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతనిని బ్రతికించాడు. రంధ్రం మాత్రం పూడలేదు. దాని గుండా 1825 నుంచి 1833 దాకా 238 ప్రయోగాలు చేసి, జీర్ణక్రియను గురించి బోమాంట్ ప్రకటించిన పుస్తకం శాస్త్రచరిత్రలో నిలిచిపోయింది. ఈ ప్రయోగాలనే అందరూ వర్ణిస్తారు. మన విషయానికి వాటికంటె ముఖ్యమైనవి గాయం తగిలిన తరువాతి మొదటి పదిహేడు రోజులు. ఆ పదిహేడు రోజులూ నోటి ద్వారా తీసుకొన్నదంతా గాయం గుండా బయటికి వచ్చింది. బోమాంట్ పోషక ద్రవాలను గుదం ద్వారా ఎక్కించాడు. తరువాత గుడ్డ మడతలు, అంటుకొనే పట్టీలు వేసి రంధ్రాన్ని అదిమిపట్టి ఆహారం లోపల నిలిచేటట్లు చేశాడు. పెద్ద ప్రేగు ఆహారాన్ని గ్రహించగలిగేది చాలా తక్కువ. నీటిని, లవణాలను మాత్రం చక్కగా గ్రహిస్తుంది. కాబట్టి ఆ కూలీని నిలబెట్టినది నీరూ, ఉప్పూ, ఓపికా అనుకోవచ్చును. ఏడాదిన్నరకు జీర్ణకోశపు లోపొర మడతపడి రంధ్రానికి తలుపులాగా అడ్డం వచ్చింది. బోమాంట్ 1853లో చనిపోయాడు. సెయింట్ మార్టిన్ ఆ రంధ్రంతోనే 1880 దాకా బ్రతికాడు.

జీర్ణకోశపు రంధ్రంతో బ్రతికినంత సులభంగా చిన్న ప్రేగు రంధ్రంతో గాని, క్లోమపు రంధ్రంతో గాని బ్రతకలేరు. ఈ సంగతి రష్యాలో ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాలలోని కుక్కలు తెలియజేశాయి. క్లోమరసాన్ని సేకరించడానికి పావ్లోవ్ కుక్కల పొట్టకు కావాలనే నాళవ్రణం చేసేవాడు. వాటిలో కొన్ని చర్మం పుండుపడి, నీరసించి చనిపోయేవి. 1897లో వెలువడిన తన ఉపన్యాసాలలో ఆయన ఒక కుక్క సంగతి చెప్పాడు. దానిని ప్రయోగశాలలో ఒక మూల కట్టివేసేవారు. ఒకనాటి ఉదయం చూస్తే, గోడకున్న గచ్చు ఊడబెరికి కుప్పగా పడి ఉన్నది. అల్లరి చేసిందనుకొని మరొకచోట కట్టారు. మరునాడు అక్కడా అంతే. అప్పుడు పరీక్షగా చూస్తే, ఆ కుక్క గచ్చు పొడిని పరచుకొని దాని మీద పొట్ట ఆనించి పడుకొంటున్నదనీ, పొడి రసాన్ని పీల్చుకోవడంచేత చర్మపు మంట తగ్గుతున్నదనీ తేలింది. అప్పటినుంచి ఇట్లాంటి కుక్కలకు ఇసుక వంటి పీల్చుకొనే పడకలు వేశారు. పోయిన క్షారానికి బదులుగా ఆహారంలో సోడా కలిపి పెట్టారు. 1904లో నోబెల్ బహుమానం అందుకొన్న శాస్త్రజ్ఞుడు ఒక కుక్క తనకు నేర్పిన పాఠాన్ని దాచుకోకుండా గ్రంథంలో వ్రాసిపెట్టడం మెచ్చదగినది.

మనుషుల విషయంలో ఈ పాఠం అందుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. జింకు లేపనాలు, అల్యూమినియం లేపనాలు పూశారు. 1920 దశకం చివర అమెరికాలో పాటర్ అనే వైద్యుడు సజల హైడ్రోక్లోరికామ్లాన్ని, గొడ్డు మాంసపు రసాన్ని వ్రణంలోకి బొట్లు బొట్లుగా వదిలాడు. ఆమ్లం క్లోమరసపు క్షారగుణాన్ని విరుస్తుంది. జీర్ణరసానికి మాంసమే కావాలంటే ఆ మాంసరసాన్ని తిననీ, రోగి చర్మాన్ని వదలనీ అని ఆయన యుక్తి. తెలివైన ఉపాయమే గాని, రాత్రింబవళ్ళు మంచం పక్కన కనిపెట్టుకొని ఉండవలసిన పని.

ఇంతకంటె సులభమైన ఉపాయం ఒక చెట్టు బంకలో దొరికింది. తూర్పు కనుమలలో, తెలంగాణా గుట్టలలో, మట్టి పెద్దగా లేని రాతి నేలల మీద తెల్లని నున్నని బెరడుతో ఒక చెట్టు నిలబడి ఉంటుంది. వేసవిలో ఆకు రాల్చినప్పుడు దాని బోదె వెన్నెలలో దూరానికి కూడా మెరుస్తుంది. దానిని తపసి అంటారు. బోదె మీద గాటు పెడితే బంక కారి గడ్డకడుతుంది. ఈ బంకను ప్రపంచానికి ప్రధానంగా అందించినది భారతదేశమే. మన ఏజన్సీ ప్రాంతాలలో గిరిజనులు సేకరించిన తపసి బంకను, 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చింది. వర్తకంలో దీనిని కరాయా బంక అంటారు. దీని పొడి నీటిలో కరగదు. తన పరిమాణానికి ఎన్నో రెట్లు నీటిని పీల్చి ఉబ్బి, జిగురు ముద్దగా మారుతుంది. పుల్లని వాసన వేస్తుంది, అందులోంచి వెనిగరులోని ఆమ్లమే వెలువడుతుంది కాబట్టి. కట్టుడు పళ్ళు చిగుళ్ళకు అంటుకొని ఉండడానికి ఈ పొడిని వాడేవారు. తడిగా ఉన్నచోటనే అంటుకోవడం దీని గుణం. 1950 దశకంలో అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్ శస్త్రవైద్యుడు రూపర్ట్ టర్న్‌బుల్ ఈ గుణాన్ని పట్టుకొన్నాడు. పొట్ట మీద తెరచిన ప్రేగు చుట్టూ, తడిసి పుండుపడిన చర్మం మీద కరాయా పొడి చల్లితే అది రసాన్ని పీల్చి పొరలాగా కప్పుకొన్నది. దాని మీద సంచి అంటించడానికి వీలయింది. పావ్లోవ్ కుక్క గచ్చులో వెదుక్కొన్నది రోగికి మన కొండచెట్టు బంకలో దొరికిందన్న మాట.

టర్న్‌బుల్ చేతి కింద శస్త్రచికిత్స చేయించుకొని, పొట్ట మీద తెరచిన ప్రేగుతోనే జీవించిన నార్మా గిల్ అనే ఆమెను ఆయన 1958లో ఈ పనికి నియమించాడు. చర్మాన్ని ఎట్లా కాపాడుకోవాలో, సంచి కారకుండా ఎట్లా అతికించాలో తనకు తెలిసినంతగా ఏ వైద్యుడికీ తెలియదని ఆమె నిరూపించింది. 1961లో వారిద్దరూ కలిసి ఇందుకోసమే ఒక శిక్షణాలయం స్థాపించారు. అక్కడినుంచి ఇది నర్సులకు ఒక ప్రత్యేక విద్య అయింది. 1970 దశకం నుంచి పెక్టిను, జెలటిను, సెల్యులోసు కలిపి చేసిన పలకలు కరాయాను చాలావరకు వెనక్కు నెట్టాయి. సూత్రం మాత్రం అదే.

చర్మం సంగతి ఇట్లా చక్కబడుతున్నా ప్రాణాలు నిలవలేదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు 1946 నుంచి 1959 దాకా తమ వద్దకు వచ్చిన 157 మంది రోగుల చరిత్రలను 1960లో నిర్మొగమాటంగా ప్రకటించారు. చిన్న ప్రేగు నాళవ్రణాలు ఉన్నవారిలో నూటికి 54 మంది మరణించారు. పెన్సిలిన్ వచ్చిన తరువాత, అంతటి వైద్యశాలలో, సగానికి సగం! నీరు, లవణాల లోపం, పోషణ లేక కృశించడం, చీము. మరణాలకు ఈ మూడే కారణాలని వారు తేల్చారు.

1964లో చాప్‌మన్, ఫోరన్, డన్‌ఫీ అనే ముగ్గురు వైద్యులు పనుల వరుస నిర్ణయించారు. మొదటి గంటలలో రక్తం, ద్రవాలు ఎక్కించాలి, చీము గడ్డ ఉంటే తెరిచి వదలాలి, కారేదానిని గొట్టంతోనో సంచితోనో పట్టి చర్మాన్ని కాపాడాలి. రెండు రోజులలో లవణాల లెక్క సరిచేయాలి. తరువాత పోషణ. శస్త్రచికిత్స అన్నిటికంటె చివర. మన లస్కరు వరుస ఇదేనని వేరుగా చెప్పనక్కరలేదు. వారి రోగులలో తగిన పోషణ అందనివారు నూటికి 55 మంది చనిపోగా, బాగా అందినవారిలో నూటికి 20 మంది కూడా చనిపోలేదు.

కాని ప్రేగు పని చేయనివాడికి పోషణ ఎట్లా? చేతి నరంలోకి 5 శాతం గ్లూకోసు ఎక్కించవచ్చును. లీటరులో 50 గ్రాములు, గ్రాముకు 4 కాలరీల చొప్పున 200 కాలరీలు. రోజుకు 2,000 కాలరీలు కావాలంటే 10 లీటర్లు ఎక్కించాలి. అంత నీటిని ఏ గుండే భరించలేదు. చిక్కని ద్రావణం ఎక్కిస్తే చిన్న సిర వాచి మూసుకుపోతుంది. 1960 దశకంలో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్, తన గురువు జొనాథన్ రోడ్స్ అండతో దీనికి మార్గం చూపాడు. సన్నని గొట్టాన్ని గుండె దగ్గరి పెద్ద సిర దాకా పంపితే, అక్కడి రక్తపు వడి చిక్కని ద్రావణాన్ని క్షణంలో పలుచబరుస్తుంది. అతడు బీగిల్ జాతి కుక్కపిల్లలకు నోటితో ఏమీ పెట్టకుండా, గ్లూకోసు, అమైనో ఆమ్లాలు, లవణాలు, విటమిన్లు ఈ మార్గాన్నే నెలల తరబడి ఇచ్చాడు. అవి తక్కిన పిల్లలతో సమానంగా పెరిగాయి. 1967లో చిన్న ప్రేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక శిశువును ఇట్లాగే పోషించగా, ఆ బిడ్డ 22 నెలలు జీవించింది. స్వీడన్‌లో ఆర్విద్ వ్రెత్లిండ్ సోయా నూనెను గుడ్డుసొనలోని ఫాస్ఫోలిపిడ్లతో కలిపి, సిరలోకి ఎక్కించదగిన కొవ్వును అంతకు కొద్ది ఏళ్ళ ముందే తయారుచేశాడు.

1973లో డడ్రిక్ బృందం ఈ పద్ధతిలో పోషించిన 62 మంది రోగుల ఫలితాలు వెల్లడించింది. వారికి ఉన్న 78 నాళవ్రణాలలో నూటికి 70కి పైగా కత్తి తగలకుండానే మూసుకొన్నవి. మరణించినవారు నూటికి ఏడుగురి లోపు. కథ ఇక్కడ ముగిస్తే ఒక గొప్ప ఆవిష్కరణ జబ్బును జయించినట్లు తోస్తుంది. చరిత్ర అంత నున్నగా ఉండదు. అదే బోస్టన్ వైద్యశాలలోని 404 మంది రోగుల లెక్కలను 1979లో మళ్ళీ పరిశీలించారు. 1946 నుంచి 1959 దాకా నూటికి 43గా ఉన్న మరణాలు 1960 నుంచి 1970 మధ్య 15కు దిగినవి. అనగా సిర ద్వారా పోషణ అందరికీ అందుబాటులోకి రాకముందే దిగినవి. అది వచ్చిన తరువాత, 1970 నుంచి 1975 మధ్య, 21. ద్రవాల లెక్కలో శ్రద్ధ, మేలైన మందులు, ఊపిరితిత్తుల రక్షణ, నర్సుల ఓపిక ముందే సగం పని చేశాయి. మిగిలిన మరణాలకు మూలం చీము. దానిని వెదికి తీసివేయనిదే ఎంత పోషణ ఇచ్చినా ఒంటబట్టదు. అట్లాగని డడ్రిక్ కృషి వ్యర్థం కాలేదు. అది రోగిని బాగుచేయలేదు, బాగుపడడానికి కావలసిన వ్యవధిని ఇచ్చింది.

ఆ వ్యవధి ఎంతో అవసరం. చీము పోయి పోషణ కుదిరిన తరువాత, మూసుకోదలచిన నాళవ్రణం సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలలో మూసుకొంటుంది. మూసుకోకపోతే శస్త్రచికిత్స చేయాలి, కాని వెంటనే కాదు. మొదటి చికిత్స జరిగిన పది రోజులనుంచి కొన్ని వారాలదాకా పొట్టలోని ప్రేగులన్నీ వాచి ఒకదానికొకటి కరచుకొని ఉంటాయి. అప్పుడు చేయి పెడితే ఉన్న గండితోపాటు కొత్త గండ్లు పడతాయి. కనుక నేటి వైద్యులు మూడు నెలలు, తరచు ఆరు నెలలు ఆగుతారు. ఈలోగా రోగి సంచితో నడుస్తాడు, బరువు పెంచుకొంటాడు, వీలైతే ఇంటికి కూడా పోతాడు.

సిర ద్వారా పోషణ ఖరీదైనది. గొట్టం వెంట సూక్ష్మజీవులు రక్తంలోకి పోయే భయమూ ఉన్నది. ఇన్ని నెలలు దానిని భరించడం మన దేశంలో చాలామందికి సాధ్యం కాదు. 2004లో ఇంగ్లండులోని సాల్ఫోర్డ్ వైద్యులు మరొక దారి చూపారు. 12 మంది రోగులకు పొట్ట మీది గండిలోంచే గొట్టాన్ని దిగువ ప్రేగులోకి పంపి, ఆహారాన్ని అక్కడికి ఎక్కించారు. పైనుంచి వచ్చే ప్రవాహం సంచిలో పడుతూనే ఉన్నది, దిగువ కాలువ మాత్రం ఎండిపోలేదు. ఆ పన్నెండుమందిలో పదకొండుమందికి సిర ద్వారా పోషణ మానివేయగలిగారు.